కొత్త కారు ఇంటికి తెచ్చాక షోరూం వాళ్ళు వదిలేసిన లోపాలు ఎలా పట్టుకోవాలి, ఎలా సరి చేయించుకోవాలి

మా తమ్ముడు పోయిన దసరాకి విజయవాడలో కారు తీసుకున్నాడు. రాహుకాలం రాకముందే గేటు దాటాలని నాన్న కంగారు, ఆ రోజు షోరూంలో వరసగా కార్లు నిలబెట్టి ఒక్కో ఫ్యామిలీకి ఇరవై నిమిషాలు, ముసుగు లాగటం, కేకు, ఫొటో, పెద్ద అట్ట తాళం చేతిలో పెట్టటం, కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయల మీంచి టైర్లు ఎక్కించటం, అంతే, తర్వాతి ఫ్యామిలీ వెనక నిలబడే ఉంది. సాయంత్రం ఇంటి దగ్గర నేను గేజ్ పెట్టి చూస్తే నాలుగు టైర్లలోనూ 44 పీఎస్‌ఐ గాలి ఉంది, ముందు అద్దానికి నీళ్ళు కొట్టట్లేదు, ఎడమ ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) బోల్టు మీద రంగు పగిలి ఉంది. మర్నాడు కారు కడిగితే వెనక సీటు దగ్గర కార్పెట్ తడిసిపోయింది. పన్నెండు లక్షలు పెట్టి కొన్న కారు అది.

అన్నీ సరి అయ్యేసరికి 19 రోజులు పట్టింది కానీ అన్నీ సరి అయ్యాయి, ఎందుకంటే మొదటి రెండు రోజుల్లోనే మొత్తం చూసి రాసి పెట్టాం. అదే నెల తర్వాత వెళ్ళుంటే "మీ వాడకంలో వచ్చింది సార్" అనే ఒక్క మాటతో పంపేసేవాళ్ళు. అందుకే ఇది రాస్తున్నా, కారు తెచ్చి వారం కూడా కానివాళ్ళు ఈరోజే మొదలుపెట్టండి.

ముందు అసలు ఈ లోపాలు ఎక్కడ పుడతాయో తెలిస్తే వెతకటం సులువు. ఫ్యాక్టరీ నుంచి కారు ట్రైలర్ మీద వస్తుంది, ఊరి బయట స్టాక్‌యార్డ్‌లో వారాలో నెలలో ఎండకీ వానకీ నిలబడుతుంది, అక్కణ్ణుంచి డ్రైవర్ వేసుకుని షోరూం వర్క్‌షాప్‌కి తెస్తాడు. డెలివరీకి ముందు అక్కడ చేయాల్సిన చెకింగే పీడీఐ, అంటే ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్. టైర్లలో గాలి తగ్గించటం, బ్యాటరీ చూడటం, ఆయిల్ లెవెల్స్, బోల్టులు బిగించటం, లైట్లు, సాఫ్ట్‌వేర్, కడగటం అన్నీ అందులోకే వస్తాయి. దానికో చెక్‌లిస్ట్ ఉంటుంది, టెక్నీషియన్ సంతకం పెట్టాలి. దసరా, ధనత్రయోదశి, ఉగాది, ఇంకా ప్రతి నెలాఖరు టార్గెట్ రోజుల్లో ఆ సంతకాలు కారు చూడకుండానే పడిపోతుంటాయి, ఇది నేను కళ్ళారా చూసిన విషయం. ఆషాఢంలో కొన్నవాళ్ళకి ఈ విషయంలో కొంచెం నయం, రద్దీ ఉండదు కాబట్టి.

మొదటి పని, ఇంటికి రాగానే పూజ అయ్యాక కారు చుట్టూ ఆగకుండా ఒక వీడియో తీయండి. ఓడోమీటర్ రీడింగ్ కనపడాలి, ఆ రోజు తేదీ ఉన్న ఫోన్ స్క్రీనో పేపరో కనపడాలి, నాలుగు వైపులా దగ్గరగా, చక్రాలు, బానెట్ లోపల, డిక్కీ, స్పేర్ టైర్ అన్నీ. ఐదు నిమిషాల పని. తర్వాత గీతలు మీవా వాళ్ళవా అనే గొడవ వస్తే ఇదొక్కటే మాట్లాడుతుంది. ఇంకో మాట, పసుపు కుంకుమ నేరుగా రంగు మీద పెట్టి రాత్రంతా వదిలేయకండి, లేత రంగు కార్లకి మరక పట్టేస్తుంది, తర్వాత అది కూడా మీ తప్పు కింద రాసుకుంటారు. బొట్టు అద్దం మీద పెట్టుకోవచ్చు.

రెండోది కాగితాలు. కారు మీద చాసిస్ నంబర్ 17 అక్షరాలు ఉంటుంది, దాన్ని ఇన్‌వాయిస్‌లో, ఇన్సూరెన్స్ పాలసీలో, ఫారం 21లో, ఫారం 22లో ఉన్నదానితో ఒక్కో అక్షరం పోల్చండి, ఇంజిన్ నంబర్ కూడా. ఫారం 21 అంటే డీలర్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అందులో కారు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఫారం 22 అంటే కారు రోడ్డు మీద తిరగటానికి తగినదని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్. ఇన్సూరెన్స్‌లో ఒక్క అక్షరం తప్పున్నా క్లెయిమ్ రోజు నరకం చూపిస్తారు, ఇప్పుడైతే ఒక మెయిల్‌తో మారిపోతుంది. కొత్త కార్లకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి) మూడేళ్ళు, ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి) ఒక ఏడాది ఉండటం మామూలు, మీరు జీరో డెప్‌కి, అంటే పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చేదానికి, డబ్బు కట్టుంటే అది పాలసీలో రాసి ఉందో లేదో చూడండి. ఫాస్టాగ్ ఏ నంబర్ మీద తీశారో కూడా అడిగి తెలుసుకోండి, పర్మనెంట్ నంబర్ వచ్చాక దాంట్లో అప్‌డేట్ చేయించుకోవాలి.

టైర్ల మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది, 2324 అని ఉంటే 2024లో 23వ వారం. కారు తయారైన నెలకి టైర్ కాస్త ముందుండటం సహజం, అయిదారు నెలలు తేడా ఉంటే నేను పట్టించుకోను. కానీ నాలుగింటిలో మూడు ఒకలా ఉండి ఒక్కటి మాత్రం వేరే ఏడాదిదో వేరే కంపెనీదో అయితే ఎందుకు మార్చారని అడగాల్సిందే. అద్దాలకీ ఇదే లెక్క, ప్రతి అద్దం మూలన కంపెనీ గుర్తు, ఏడాది కోడ్ ఉంటాయి, ఒక్కటి తేడాగా ఉంటే అది పగిలి మార్చి ఉండొచ్చు. ముందు అద్దం మార్చిన కారులో అడాస్ కెమెరా (రోడ్డు చూస్తూ డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్‌ది) ఉంటే దానికి మళ్ళీ క్యాలిబ్రేషన్, అంటే చూపు సరిచేయటం, చేశారా లేదా అన్నది చిన్న విషయం కాదు, బ్రేక్ దానంతట అది వేసే సిస్టమ్ ఆ కెమెరా చూపు మీద ఆధారపడుతుంది.

ఇప్పుడు కారులో చూడాల్సినవి. పొద్దున్నే, కారు కదపకముందు, చల్లటి టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ (డోర్ మూసినప్పుడు ఆనుకునే నిలువు భాగం) మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత ఉండాలో దానిమీద రాసి ఉంటుంది, చాలా కార్లకి 33 నుంచి 36 మధ్యలో. యార్డ్‌లో నెలల తరబడి నిలబడే టైరు ఒక పక్క అణగకుండా గాలి ఎక్కువ కొడతారు, డెలివరీకి ముందు తగ్గించాలి, మర్చిపోతారు. మా తమ్ముడు మొదటి రోజు "కారు సస్పెన్షన్ గట్టిగా ఉందన్నా, స్పీడ్ బ్రేకర్ మీద ఎగురుతోంది" అన్నాడు, 44ని 34కి దించాక అదే కారు వేరే కారులా నడిచింది. గాలి ఎక్కువుంటే ఎగరటమే కాదు, వాన రోడ్డు మీద బ్రేక్ కొడితే పట్టు కూడా తగ్గుతుంది. టైర్ ప్రెషర్ వార్నింగ్ ఉన్న కారైతే గాలి సరిచేశాక సిస్టమ్‌ని రీసెట్ చేయాల్సి రావొచ్చు, మాన్యువల్ చూడండి. స్పేర్ టైర్ మర్చిపోవద్దు, అందులో గాలి లేకపోతే అది తెలిసేది హైవే మీద రాత్రి పూటే.

వీల్ నట్లు. షోరూంలోనే అల్లాయ్ చక్రాలు మార్పించుకున్నవాళ్ళు ఇది తప్పకుండా చేయాలి. బిగింపు కొలత మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచ్ ఉన్న టైర్ షాపులో ఆ కొలతకి బిగించి చూపించమనండి, వంద కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి. గాలి గన్నుతో టర్రుమని బిగించేస్తే కొన్ని వదులుగా, కొన్ని మరీ టైట్‌గా ఉంటాయి, పంక్చర్ పడ్డ రోజు ఊడిరావు.

బ్యాటరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, కొత్త కార్లలో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. యార్డ్‌లో కారు ఆగి ఉన్నా గడియారం, అలారం లాంటివి కొంచెం కొంచెం కరెంట్ తింటూనే ఉంటాయి, నెలలు గడిస్తే బ్యాటరీ దిగిపోతుంది, డెలివరీ రోజు ఇంకో బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేసి మీకిచ్చేస్తారు. ఒకసారి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మళ్ళీ ఎక్కినా దాని ఆయుష్షు తగ్గిపోతుంది. రాత్రంతా ఆపిన కారుకి పొద్దున మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు దగ్గర ఉంటే బాగున్నట్టు, 12.4 పరవాలేదు, 12.2కి పడిపోతే సగమే ఉన్నట్టు లెక్క. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అది ఆగి మళ్ళీ స్టార్టయ్యే ఫీచర్ మీ కారులో ఉండి, వారం వాడినా ఒక్కసారి కూడా పనిచేయకపోతే బ్యాటరీనే మొదట అనుమానించండి. షోరూం సర్వీస్‌లో బ్యాటరీ టెస్టర్ ఉంటుంది, దాని ప్రింట్ తీసి ఇమ్మని అడగండి, నోటిమాట వద్దు.

దీనికి చుట్టమే ఇంకోటి ఉంది. బ్యాటరీ దిగకుండా కొన్ని కంపెనీలు యార్డ్‌లో ఒక ఫ్యూజ్‌ని పీకి ఉంచుతాయి, హ్యుందాయ్, కియా కార్లలో అయితే డ్రైవర్ వైపు ఫ్యూజ్ బాక్స్‌లో చిన్న ఫ్యూజ్ స్విచ్ ఉంటుంది, దాన్ని ఆఫ్‌లో పెడతారు. డెలివరీకి ముందు ఆన్ చేయాలి. టైమ్ సెట్ చేసినా ప్రతిసారీ పోతోంది, లోపలి లైట్లు వెలగట్లేదు అంటే కారు పాడైందని కంగారు పడకుండా ముందు అది చూడండి, సగం కేసులు అక్కడే అయిపోతాయి.

బానెట్ ఎత్తి ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ గీతల మధ్యలో ఉన్నాయో చూడండి. వాషర్ డబ్బాలో నీళ్ళు పోసి కొట్టి చూడండి, మావాడి కారులో నీళ్ళున్నాయి కానీ పైపు ఊడి ఉంది, నీళ్ళన్నీ కింద కారాయి. ఎలుకల గురించి కూడా చెప్పాలి, యార్డ్‌లు ఊరి బయట పొలాల పక్కన ఉంటాయి, బానెట్ కింద గడ్డి, రెట్టలు, కొరికిన వైరు కనపడితే ఆ రోజే ఫొటో తీసి పంపండి, తర్వాత అయితే మీ ఇంటి ఎలుక అంటారు.

నీళ్ళ పరీక్ష చాలామంది చేయరు, చేయాలి. మామూలు పైపు తీసుకుని, ప్రెషర్ గన్ కాదు, డోర్ల రబ్బర్ల మీద, పైకప్పు మీద, వెనక లైట్ల చుట్టూ ఒక పది నిమిషాలు నెమ్మదిగా నీళ్ళు వదలండి. తర్వాత లోపల నాలుగు మ్యాట్లూ తీసి కార్పెట్ మీద టిష్యూ పేపర్ పెట్టి గట్టిగా నొక్కండి, పైకి పొడిగా కనిపించి కింద స్పాంజ్ నీళ్ళు పీల్చి ఉంటుంది. డిక్కీలో స్పేర్ టైర్ తీసి గుంటలో చెయ్యి పెట్టి చూడండి. సన్‌రూఫ్ ఉంటే మూలల్లో డ్రెయిన్ పైపులు ఉంటాయి, అవి మూసుకున్నా ఊడినా నీళ్ళు పిల్లర్లలోంచి లోపలికి దిగుతాయి. మావాడి కారులో వెనక డోర్ లోపల, ప్యానెల్ వెనక ఉండే ప్లాస్టిక్ షీట్ అతుకు ఊడి ఉంది, అద్దం మీంచి డోర్ లోపలికి దిగిన నీళ్ళు కింది రంధ్రాల్లోంచి బయటికి పోకుండా కార్పెట్ మీదకి వచ్చాయి. ఏసీ కూడా ఇరవై నిమిషాలు వేసి ఉంచండి, కారు కింద నీటి చుక్కలు పడాలి. కింద పడకుండా ముందు సీటు కాళ్ళ దగ్గర తడి వస్తుంటే ఏసీ డ్రెయిన్ పైపు కుదురుగా లేదన్నమాట.

కార్పెట్ ఎత్తినప్పుడు ఇంకో పని కూడా చేసేయండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో వేల ఇళ్ళతో పాటు ఎన్నో కార్లు మునిగాయి, అప్పట్నుంచి మా వైపు కారు కొనేవాళ్ళందరికీ ఈ భయం ఉంది, భయం తప్పేం కాదు. సీట్ల కింది పట్టాలు తుప్పు పట్టాయా, సీట్ బెల్ట్ చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత ఉందా, స్పేర్ టైర్ గుంటలో ఇసుక ఉందా, అద్దాలు మూసి ఎండలో గంట ఉంచి తెరిస్తే ముక్కవాసన వస్తోందా. కొత్త ప్లాస్టిక్ వాసనకీ ముక్కవాసనకీ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

పెయింట్ చూడటానికి నీడలో, షోరూం లైట్ల కింద కుదరదు. కడిగిన కారుని పొద్దుటెండలో పెట్టి పక్క నుంచి వాలుగా చూడాలి, రాత్రయితే ఫోన్ టార్చ్ పెట్టాలి. సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు కనిపిస్తే అవి దుమ్ము గుడ్డతో తుడవటం వల్ల వచ్చినవి, డెలివరీ రోజు హడావుడిగా పొడి గుడ్డతో రుద్దేస్తారు కదా, దానివల్లే. ఇవి చాలా కొత్త కార్లలో ఉంటాయి, మంచి పాలిష్‌తో పోతాయి, కానీ అదే గుడ్డ పట్టుకున్న అబ్బాయితో మళ్ళీ రుద్దించొద్దు. అసలు సమస్య మళ్ళీ రంగు వేసిన ప్యానెల్. ఫెండర్, డోర్, బానెట్ బోల్టుల తలల మీద రంగు పగిలిందా చూడండి, ఫ్యాక్టరీలో బిగించాక స్పానర్ పెట్టకపోతే అక్కడ రంగు పగలదు. అయితే గ్యాప్ సరిచేయటానికి కూడా బోల్టు తిప్పుతారు కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. రబ్బరు బీడింగ్ మీద, ప్లాస్టిక్ మీద రంగు తుంపర్లు ఉన్నాయా, పక్క ప్యానెల్‌కీ దీనికీ మెరుపులో తేడా ఉందా చూసి, అనుమానం ఉంటే డీటెయిలింగ్ షాపుకి తీసుకెళ్ళి పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టించండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, కారంతా 110, 120 చూపించి ఒక్క డోరు 250 చూపిస్తే అక్కడ రెండోసారి రంగు పడింది. బంపర్లు ప్లాస్టిక్, మామూలు మీటర్ వాటిమీద పనిచేయదు. మావాడి ఫెండర్ 270 చూపించింది, ఆ రీడింగ్ ఫొటో పంపాకే "ట్రాన్సిట్‌లో చిన్న డ్యామేజ్ అయింది సార్" అని ఒప్పుకున్నారు, అంతకుముందు రెండు రోజులు ఫ్యాక్టరీ ఫినిష్ అలాగే ఉంటుందన్నారు.

షోరూంలో అంటగట్టిన యాక్సెసరీల సంగతి వేరే. ఇక్కడ ప్రాణానికి సంబంధించినవి రెండు ఉన్నాయి కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఒకటి, కంపెనీ మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేసి ఇస్తారు, డ్రైవర్ వైపు అది జరిగి యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటుంది. ఒకటి తీసేయండి, ఉన్నది హుక్‌కి తగిలించి ఉండాలి, పెడల్ చివరిదాకా నొక్కి వదిలితే స్వేచ్ఛగా పైకి రావాలి. రెండోది సీట్ కవర్లు, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉంటే ఆ పక్కని మూసేసే కవర్ వేయకూడదు, మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది, లెదర్ కవర్ బాగుందని పిల్లల కోసం కొన్న ఎయిర్‌బ్యాగ్‌కి అడ్డం పెట్టుకోవటం ఏంటి. ఇక వైర్లు, స్టీరియోకో ఫాగ్ లైట్లకో కంపెనీ వైరు కోసి టేప్ చుట్టారా చూడండి, వైరు కోయకుండా కప్లర్ (కలిపే ప్లగ్గు) పెట్టి చేయాలి, కోస్తే రేపు వారంటీ అడిగితే అదే వైరు చూపించి కాదంటారు. అండర్‌బాడీ కోటింగ్ (కారు అడుగున తుప్పు పట్టకుండా కొట్టేది) కొట్టించుంటే లిఫ్ట్ మీద పెట్టి చూపించమనండి, డోర్ల కింది నీళ్ళు పోయే రంధ్రాలు, సైలెన్సర్, సెన్సర్ల మీద కొట్టకూడదు.

రెండో తాళం, జాకీ, వీల్ స్పానర్, టోయింగ్ హుక్, వార్నింగ్ ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ కిట్, మాన్యువల్, వారంటీ బుక్ లెక్కపెట్టుకోండి. కనెక్టెడ్ కార్ యాప్ (ఫోన్‌లో కారు వివరాలు చూపించేది) మీ ఫోన్ నంబర్ మీదే యాక్టివేట్ అయిందా, అందులో మీరు తిప్పని ట్రిప్పులు కనిపిస్తున్నాయా. ఓడోమీటర్ 20, 40 కిలోమీటర్లు ఉండటం మామూలే, యార్డ్ నుంచి నడిపి తెస్తారు కాబట్టి, వంద దాటితే ఎక్కడ తిరిగిందో రాతపూర్వకంగా అడగండి.

కంగారు పడక్కర్లేనివి కూడా ఉన్నాయి. బ్రేక్ డిస్క్ మీద పలచటి తుప్పు, మొదటి కొన్ని బ్రేకులకి గరగరమని పోతుంది. మొదటి రోజుల్లో సైలెన్సర్ వైపు నుంచి కాలిన వాసన, పొద్దున పైపులోంచి నాలుగు నీటి చుక్కలు. ఇవి లిస్టులో రాస్తే మిగతా అసలు లోపాల విలువ కూడా పోతుంది. కానీ తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ ఒక పక్కకి లాగినా, కారు తిన్నగా పోతుంటే స్టీరింగ్ వంకరగా ఉన్నా, 80 మీద వణికినా రాయండి.

ఇప్పుడు అసలైన స్టెప్, చెప్పటం. సేల్స్ అబ్బాయికి ఫోన్ చేసి చెప్తే "ఫస్ట్ సర్వీస్‌లో చూసేద్దాం సార్" అంటాడు, మర్యాదగానే అంటాడు, కానీ ఒప్పుకోవద్దు. అతని తప్పు కూడా కాదు, అతని చేతిలో ఏమీ ఉండదు. డెలివరీ అయిన 48 గంటల్లో అన్ని లోపాలూ ఒకే మెయిల్‌లో రాసి డీలర్ సేల్స్ మేనేజర్‌కి, సర్వీస్ మేనేజర్‌కి, కంపెనీ కస్టమర్ కేర్‌కి ముగ్గురికీ పంపండి. రోజుకొకటి పంపితే చిరాకు పుట్టించేవాడిలా కనిపిస్తారు, ఒకేసారి పంపితే లెక్క తెలిసినవాడిలా కనిపిస్తారు. కోపం వద్దు, పెద్ద అక్షరాలు వద్దు, ఇలా ఉంటే చాలు:

"నేను ఫలానా తేదీన మీ దగ్గర కారు తీసుకున్నాను. చాసిస్ నంబర్ ఇది, డెలివరీ అప్పుడు ఓడోమీటర్ 31 కిలోమీటర్లు, ఇప్పుడు 58. పీడీఐలో గమనించాల్సిన ఈ కింది లోపాలు కనిపించాయి, ఫొటోలు, వీడియో జత చేశాను. ఒకటి, ఎడమ ఫెండర్ పెయింట్ 270 మైక్రాన్లు, మిగతా ప్యానెల్స్ 110 నుంచి 125. రెండు, వెనక ఎడమ కార్పెట్ తడి. మూడు, వాషర్ పైపు ఊడి ఉంది. నా కారు పీడీఐ చెక్‌లిస్ట్ కాపీ పంపండి. వీటిని ఏ తేదీలోపు, ఎలా సరిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి."

కస్టమర్ కేర్ నుంచి టికెట్ నంబర్ తీసుకోండి. ఫోన్‌లో ఏం మాట్లాడినా అదే రోజు "మీరు ఇలా అన్నారు" అని ఒక లైను మెయిల్‌లో వేయండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్ళో అమ్మానాన్నలకి కారు కొనిచ్చినవాళ్ళకి ఇది ఇంకా అవసరం, పెద్దవాళ్ళు షోరూంలో మొహమాటపడతారు, "పోన్లే నాన్నా" అనేస్తారు, వీడియో కాల్‌లో మీరు ఒక్కొక్కటీ చూపించమని అడిగి, ఆర్‌సీ ఎవరి పేరు మీదుంటే వాళ్ళ మెయిల్ నుంచే పంపించండి.

ఒక హెచ్చరిక. లోపం పెద్దదైతే, అంటే యాక్సిడెంట్ రిపేరో, నీళ్ళలో మునిగిన గుర్తులో, చెప్పిన ఏడాది కాకుండా పాత తయారీయో అయితే, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ ఇంకా అవ్వకపోతే దాన్ని ఆపమని ఆ మెయిల్‌లోనే మొదటి లైనులో రాయండి, కారు కూడా తిప్పకుండా పెట్టండి. మీ పేరు మీద నంబర్ పడ్డాక కారు వెనక్కి ఇవ్వటం చాలా చాలా కష్టం.

వర్క్‌షాప్‌కి కారు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డ్, అంటే మీరు చెప్పిన లోపాలు, చేయాల్సిన పని రాసే కాగితం, తీయకుండా తాళం ఇవ్వొద్దు. "చిన్న పనే సార్, కార్డ్ ఎందుకు" అంటారు, జాబ్ కార్డ్ లేకపోతే ఆ లోపం ఎప్పుడూ లేనట్టే. మీరు చెప్పిన మాటలే అందులో ఉండాలి, "నీళ్ళు లోపలికి వస్తున్నాయి" అని చెప్తే "జనరల్ చెకప్" అని రాస్తే దిద్దించండి. మళ్ళీ అదే లోపం వస్తే మళ్ళీ కొత్త జాబ్ కార్డ్, ఒకే లోపానికి మూడు కార్డులు ఉంటే రేపు ఎక్కడైనా అదే బలం. బయట మెకానిక్‌తో ఆ భాగం విప్పించొద్దు ఈలోపు.

ఏం అడగాలి అన్నది కూడా ముందే అనుకోండి. గీతలకి కొత్త కారు అడిగితే ఎవరూ వినరు. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు కూడా వారంటీ ఉన్నది లోపమున్న భాగం మార్చటానికే, మొత్తం కారు మార్చమనలేం అనే చెప్పింది. పాడైన బ్యాటరీకి కొత్త బ్యాటరీ, మళ్ళీ రంగు వేసిన ప్యానెల్‌కి నష్టపరిహారమో ఎక్స్‌టెండెడ్ వారంటీయో, ఆ ప్యానెల్ పెయింట్‌కి విడిగా రాతపూర్వక వారంటీ, ఇవి ఇస్తారు. మా తమ్ముడికి రెండేళ్ళ ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఫెండర్ పెయింట్‌కి లెటర్ హెడ్ మీద గ్యారంటీ ఇచ్చారు, మావాడు సరే అన్నాడు, నేనైతే డబ్బు కూడా అడిగేవాణ్ణి.

డీలర్ కదలకపోతే కంపెనీ తరఫున ఆ ఏరియా చూసే సర్వీస్ మేనేజర్ మీ షోరూంకి వచ్చే రోజు అడిగి, ఆ రోజు కారు చూపించండి, చాలావాటికి అక్కడే దారి దొరుకుతుంది. అదీ కాకపోతే జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, ఉచితం. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన ధర 50 లక్షల వరకు ఉంటే అక్కడే, షోరూం ఏ ఊళ్ళో ఉన్నా మీరు ఉండే ఊళ్ళో వేసుకోవచ్చు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ఫీజు 10 నుంచి 20 లక్షల కారుకి 400 రూపాయలు. రెండేళ్ళలోపు వేయాలి. కేసులో డీలర్‌నీ కంపెనీనీ ఇద్దర్నీ చేర్చండి, కానీ ఎవరి తప్పు ఏదో విడివిడిగా రాయండి. 2021లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఒక కేసులో 2009లో తయారైన, 622 కిలోమీటర్లు తిరిగిన కారుని 2011లో కొత్తదని అంటగట్టారు, అందులో బాధ్యత డీలర్ మీదే మిగిలింది, కంపెనీకి తెలిసే జరిగిందని చూపించనందుకు కంపెనీ బయటపడింది. పీడీఐ తప్పులు ఎక్కువగా డీలర్ మెడకే చుట్టుకుంటాయి, అందుకే డీలర్ ఇచ్చిన ప్రతి కాగితం దాచండి. కారు లోపం సాంకేతికమైనదైతే కమిషన్ నిపుణుడి రిపోర్ట్ అడగొచ్చు, అప్పుడు మీ జాబ్ కార్డులు, మీటర్ ఫొటోలు పనికొస్తాయి.

ఇదంతా జరుగుతుండగానే కంపెనీ నుంచి మీకొక ఫోన్ వస్తుంది, డెలివరీ ఎలా జరిగింది, పదికి ఎంత ఇస్తారు అని. దానికి ముందురోజు సేల్స్ అబ్బాయి "సార్ పదికి పది చెప్పండి, నా ఇన్సెంటివ్ పోతుంది" అని బతిమాలతాడు, జాలేస్తుంది నిజమే. అతను బాగా చూసుకుని ఉంటే అతనికి పది ఇవ్వండి, కారు కండిషన్ ఎలా ఉందని అడిగినప్పుడు మాత్రం ఉన్నది చెప్పి టికెట్ నంబర్ చదవండి. మావాడు అలాగే చెప్పాడు, ఆ సాయంత్రమే వర్క్‌షాప్ చూసుకునే వర్క్‌స్ మేనేజర్ స్వయంగా ఫోన్ చేసి మర్నాడు కారు పంపమన్నాడు, డోర్ షీట్ మార్చి మా ముందే పైపుతో నీళ్ళు కొట్టి చూపించారు. ఇంటికొచ్చి టిష్యూ పెట్టి నొక్కితే పొడిగా ఉంది.